ఈసీ మీద తేదీ ఉంటుంది, మీ వాలెట్ యాప్‌లో ఉందా?

వాలెట్ యాప్ ఓపెన్ చేస్తారు. ఫ్రెండ్ ఇప్పుడే పంపానన్న టోకెన్లు కనపడవు. బ్యాలెన్స్ సున్నా. ఫోన్ చేస్తే "పంపానురా బాబూ, హ్యాష్ ఇదిగో" అంటాడు. ఆ హ్యాష్ తీసుకెళ్లి ఎక్స్‌ప్లోరర్‌లో పెడితే 'సక్సెస్' అని పచ్చగా కనిపిస్తుంది. యాప్‌లో మాత్రం సున్నానే. పది నిమిషాలాగితే అదే యాప్‌లో మొత్తం అమౌంట్ ప్రత్యక్షం. ఈలోపు కంగారులో రెండోసారి పంపించేసేవాళ్లూ ఉంటారు. రెండోది వెనక్కి రాదు.

ఇందులో అబద్ధం చెప్పిందెవరు? ఫ్రెండ్ కాదు, చైన్ కూడా కాదు. చైన్‌కీ మీ ఫోన్‌కీ మధ్య ఇంకొకడున్నాడు. వాడి పేరు ఇండెక్సర్. వాడికి ఆ సమాధానం ఇంకా తెలీదు. తెలీదు అనకుండా సున్నా అన్నాడు. గొడవంతా అక్కడే.

ఏ కాయిన్ కొనాలి, ఎప్పుడు అమ్మాలి అనేది ఈ కాలమ్ పని కాదు. ఆ మధ్యవాడిని మన చేత్తో ఎలా సెటప్ చేయాలి, ఎలా నడపాలి, వాడి నోట తెలీనిది తెలీదని ఎలా చెప్పించాలి అన్నదే ఈ వారం సంగతి.

రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్నదే

ఇంట్లో ఎప్పుడైనా స్థలం కొని ఉంటే ఈసీ అనే మాట వినే ఉంటారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులు వచ్చిన వరుసలోనే నంబర్ వేసుకుని 1వ పుస్తకంలోకి ఎక్కుతాయి. బాగానే ఉంది. కానీ "ఫలానా సర్వే నంబర్ మీద ఎవరెవరు ఏం రాయించుకున్నారు?" అని అడిగితే? మొదటి పేజీ నుంచి పుస్తకాలన్నీ తిరగేయలేరు కదా. అందుకే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే ఇండెక్సులు పెట్టమని చెప్పింది. ఇండెక్స్ 1లో మనుషుల పేర్లు, ఇండెక్స్ 2లో ఆస్తి వివరాలు. ఈసీ వచ్చేది ఈ ఇండెక్స్ వెతికితేనే.

బ్లాక్‌చెయిన్ అచ్చంగా ఆ 1వ పుస్తకం. ఎథీరియంలో ప్రతి 12 సెకన్లకు ఒక పేజీ చొప్పున రోజుకు సుమారు 7,200 పేజీలు చేరుతాయి. 2015 జూలైలో మొదలైన ఆ పుస్తకంలో ఇప్పటికి 2 కోట్ల పేజీలు దాటాయి. నోడ్ దగ్గరికెళ్లి "ఈ అడ్రస్‌లో ఈ టోకెన్ ఎంతుంది?" అంటే చెప్తుంది. "ఈ అడ్రస్‌కి ఇప్పటిదాకా ఏమేం వచ్చాయి, ఎవరు పంపారు, గత నెలలో మొత్తం ఎంత?" అంటే దానికి చేతకాదు. ఎవరో ఒకరు పేజీలన్నీ చదివి, కావలసినవి ఏరి, మామూలు డేటాబేస్‌లో పేర్చాలి. ఆ ఏరి పేర్చేవాడే ఇండెక్సర్.

ఈసీలో ఇంకో గొప్ప లక్షణం ఉంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు వెతికాం అని దాని మీదే రాసి ఉంటుంది. లావాదేవీలు ఏమీ లేకపోతే వచ్చే నిల్ ఈసీ అర్థం కూడా "ఈ కాలంలో ఏమీ దొరకలేదు" అనే తప్ప "ఎప్పుడూ ఏమీ లేదు" అని కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చాలాసార్లు పనికొస్తుంది.

ముందు సామాన్లు సర్దుకుందాం

సొంతంగా మొదటి నుంచి రాయొచ్చు. కానీ నేర్చుకోవడానికి ది గ్రాఫ్ వాళ్ల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 'గ్రాఫ్ నోడ్' మంచి దారి. రస్ట్‌లో రాసింది. దాని చుట్టూ ముగ్గురు కావాలి. బ్లాకులు ఇచ్చే ఎథీరియం నోడ్, ఏరిన డేటా దాచే పోస్ట్‌గ్రెస్, సబ్‌గ్రాఫ్ ఫైళ్లు తెచ్చుకునే ఐపీఎఫ్ఎస్. డాకర్ కంపోజ్ ఫైల్ ఒకటి రాసుకుంటే నోడ్ తప్ప మిగతావన్నీ ల్యాప్‌టాప్‌లోనే లేస్తాయి. నోడ్ కోసం ఏదైనా ప్రొవైడర్ ఇచ్చే ఆర్‌పీసీ లింకుతో మొదలుపెట్టొచ్చు.

లేచేటప్పుడే చాలామందిని ఆపేసేవి మూడున్నాయి.

ఒకటి, పోస్ట్‌గ్రెస్. డేటాబేస్ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో, సీ లొకేల్‌తో క్రియేట్ అవ్వాలి. మీ సిస్టమ్ డిఫాల్ట్ లొకేల్‌తో చేస్తే గ్రాఫ్ నోడ్ మొరాయిస్తుంది. తర్వాత మార్చే వీలుండదు, డేటాబేస్ మళ్లీ చేసుకోవాల్సిందే.

రెండు, పోర్టులు. 8000 మీద జనం క్వెరీలు అడుగుతారు. 8030 మీద ఇండెక్సింగ్ ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. 8040 మీద ప్రోమీథియస్ మెట్రిక్స్ వస్తాయి. 8020 మాత్రం అడ్మిన్ తలుపు. సబ్‌గ్రాఫ్ పెట్టాలన్నా తీసేయాలన్నా అదే. దాన్ని ఇంటర్నెట్ వైపు తెరిచారంటే ఇంటి తాళం గుమ్మానికి వేలాడదీసినట్టే. పైగా డాకర్ పబ్లిష్ చేసిన పోర్టు ఉబుంటూలో మీరు పెట్టుకున్న యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ రూల్స్‌ని దాటి వెళ్లిపోతుంది. కాబట్టి ఆ పోర్టును 127.0.0.1కే కట్టేయండి.

మూడు, నోడ్ రకం. మామూలు ఫుల్ నోడ్‌గా నడిపే గెత్ డిఫాల్ట్‌గా గత 128 బ్లాకుల స్టేట్ మాత్రమే చేతిలో ఉంచుకుంటుంది. అంటే అరగంట కూడా కాదు. "2021లో ఈ బ్లాక్ దగ్గర ఈ కాంట్రాక్ట్ ఏం చెప్పింది?" అని మీ కోడ్ అడిగితే ఆర్కైవ్ నోడ్ కావాలి. దానికి టెరాబైట్ల డిస్క్ కావాలి, లేదంటే ప్రొవైడర్‌కి ఎక్కువ డబ్బు కట్టాలి. అందుకే కోడ్ రాసేటప్పుడే కాంట్రాక్ట్‌ను వెనక్కి వెళ్లి అడగడం తగ్గించండి. ఈవెంట్లలో దొరికేదానితో పని జరుగుతుంటే అదే వాడండి. ఖర్చూ తగ్గుతుంది, స్పీడూ పెరుగుతుంది.

మూడు ఫైళ్లు, ఒక నంబర్

సబ్‌గ్రాఫ్ అంటే ప్రధానంగా మూడు ఫైళ్లు. ఏ కాంట్రాక్ట్‌లో ఏ ఈవెంట్లు చూడాలో చెప్పే మేనిఫెస్ట్, డేటాబేస్‌లో ఏ ఆకారంలో దాచాలో చెప్పే స్కీమా, ఈవెంట్ రాగానే ఏం చేయాలో చెప్పే మ్యాపింగ్. మ్యాపింగ్‌ని అసెంబ్లీస్క్రిప్ట్‌లో రాస్తాం. చూడ్డానికి టైప్‌స్క్రిప్ట్‌లాగే ఉంటుంది కానీ టైప్‌స్క్రిప్ట్ కాదు, ఆ నమ్మకంతో దిగకండి.

మేనిఫెస్ట్‌లో స్టార్ట్‌బ్లాక్ అని ఒక నంబర్ ఉంటుంది. ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలో అది చెప్తుంది. సున్నా వదిలేస్తే 2015 నుంచీ తిరగేస్తూ కూర్చుంటుంది. ఉదాహరణకి యూనిస్వాప్ రెండో వెర్షన్ ఫ్యాక్టరీ కాంట్రాక్ట్ పుట్టింది 2020 మేలో, బ్లాక్ నంబర్ కోటి దాటిన కాసేపటికి. అంతకు ముందు కోటి పేజీల్లో దాని పేరే లేదు. చదవడం టైమ్ వేస్ట్.

అలాగని మరీ ముందుకు జరిపినా ప్రమాదమే. కాంట్రాక్ట్ పుట్టిన తర్వాత, మీరు మొదలుపెట్టడానికి ముందు, ఒకరికి 500 టోకెన్లు వచ్చాయనుకోండి. అది మీకు తెలీదు. తర్వాత ఆయన 200 పంపిస్తే మీ లెక్కలో బ్యాలెన్స్ మైనస్ 200. ఈసీలోనూ ఇదే తంటా. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకెళ్లి పాత పుస్తకాలు వెతికించుకోవాలి. తాతల కాలం నాటి లింకు డాక్యుమెంట్ ఆన్‌లైన్ ఈసీలో లేదంటే అది అబద్ధమని కాదు, వెతికిన కాలానికి బయట ఉందని. కాబట్టి స్టార్ట్‌బ్లాక్ అంటే కాంట్రాక్ట్ డిప్లాయ్ అయిన బ్లాకే. ఒకటి అటూ ఇటూ కూడా వద్దు.

అంకెలు ఎక్కడ తేడా కొడతాయి

టోకెన్ చేతులు మారినప్పుడు కాంట్రాక్ట్ 'ట్రాన్స్‌ఫర్' అనే ఈవెంట్ వదులుతుంది. మామూలు టోకెన్ల ఈఆర్‌సీ-20 స్టాండర్డ్‌లోనూ, ఎన్ఎఫ్‌టీల ఈఆర్‌సీ-721లోనూ దాని సంతకం ఒక్కటే. కాబట్టి సంతకం చూసి మాత్రమే ఏరితే రెండూ కలిసిపోతాయి. 4,512వ నంబర్ ఎన్ఎఫ్‌టీ ఒకటి వస్తే మీ డేటాబేస్ 4,512 టోకెన్లు వచ్చాయని రాసుకుంటుంది. తేడా టాపిక్స్ సంఖ్యలో ఉంది. ఈఆర్‌సీ-20కి మూడు, ఈఆర్‌సీ-721కి నాలుగు. లెక్కపెట్టి ఏరండి.

తర్వాత దశాంశాలు. చాలా టోకెన్లలో 18 దశాంశాలుంటాయి. అంటే 1 టోకెన్ చైన్ మీద 1 పక్కన 18 సున్నాలుగా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో బిగ్‌ఇంట్ అని పేరుంది కదా, పెద్దదేలే అనుకుంటాం. దాంట్లో పట్టేది సుమారు 9.22 ఈథర్ వరకే. పదో ఈథర్ వస్తే ఎర్రర్. న్యూమరిక్ టైప్ వాడాలి, ఏపీఐలో పంపేటప్పుడు స్ట్రింగ్‌గా పంపాలి. లేదంటే జావాస్క్రిప్ట్ చివరి అంకెలు మింగేస్తుంది. యూఎస్‌డీసీకేమో దశాంశాలు 6 మాత్రమే. దాన్ని కూడా 18 అనుకుని భాగిస్తే అసలు విలువలో లక్ష కోట్లలో ఒక వంతు కనిపిస్తుంది. మళ్లీ స్క్రీన్ మీద సున్నానే!

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్ ఈసీలో కనపడదు. అలాగే ఈవెంట్ రాని మార్పు ఈవెంట్లు చదివే ఇండెక్సర్‌కి కనపడదు. లైడో వాళ్ల స్టేక్డ్ ఈథర్ టోకెన్ ఉంది. రివార్డులు కలిసే కొద్దీ హోల్డర్ల బ్యాలెన్సులు వాటంతటవే మారతాయి, ఒక్కొక్కరికీ ట్రాన్స్‌ఫర్ ఈవెంట్ రాదు. కాంట్రాక్ట్ మీకు నేరుగా ఈథర్ పంపినా అంతే, ఈఆర్‌సీ-20లాగా ట్రాన్స్‌ఫర్ ఈవెంట్ తప్పనిసరిగా వస్తుందనే నియమం లేదు. దాన్ని పట్టుకోవాలంటే ట్రేస్ డేటా ఇచ్చే నోడ్ ఉండాలి. కాబట్టి మీ ఇండెక్సర్ ఏం చూడగలదు అన్నదానికంటే ఏం చూడలేదు అన్న లిస్టు ముందు రాసుకోండి.

రాసిన పేజీ చిరిగితే

పుస్తకం పోలిక ఇక్కడ కొంచెం ఆగుతుంది. రిజిస్ట్రార్ పుస్తకంలో చివరి పేజీ చించి కొత్తది అంటించరు. చైన్‌లో చివరి కొన్ని బ్లాకులు అలా మారే అవకాశం ఉంది. దాన్నే రీఆర్గ్ అంటారు. ఎక్కువగా ఒకటి రెండు బ్లాకులు. కానీ 2022 మే 25న, మెర్జ్‌కి ముందు, ఎథీరియం బీకన్ చైన్‌లో ఏకంగా 7 బ్లాకుల రీఆర్గ్ జరిగింది.

మీ ఇండెక్సర్ ఆ చిరిగిన పేజీలోని ట్రాన్స్‌ఫర్‌ని అప్పటికే డేటాబేస్‌లో రాసేసి ఉంటే? దాన్ని వెనక్కి తీసేయగలగాలి. గ్రాఫ్ నోడ్ ఈ పని తనే చూసుకుంటుంది, డిఫాల్ట్‌గా 250 బ్లాకుల లోతు వరకు. సొంతంగా స్క్రిప్ట్ రాసేవాళ్లకు మాత్రం ఇదే అగ్నిపరీక్ష. బ్లాక్ నంబర్ ఒక్కటే దాచుకుంటే సరిపోదు, హ్యాష్ కూడా దాచాలి. కొత్త బ్లాక్ రాగానే దాని పేరెంట్ హ్యాష్ మన దగ్గరున్న చివరి హ్యాష్‌తో కలిసిందా చూడాలి. కలవకపోతే కలిసే చోటు దొరికేదాకా వెనక్కి నడవాలి, ఆ తర్వాతి రాతలన్నీ కొట్టేయాలి, మళ్లీ చదవాలి. ఐదు వాక్యాల్లో చెప్పేశాను కానీ టెస్ట్ చేయకుండా ఒక్క ముక్క నమ్మకండి. అన్విల్, హార్డ్‌హ్యాట్ లాంటి లోకల్ చైన్లలో స్నాప్‌షాట్ తీసి వెనక్కి తిప్పే సదుపాయం ఉంది. ఐదు బ్లాకులు నడిపి, వెనక్కి తిప్పి, వేరే ట్రాన్సాక్షన్లతో మళ్లీ నడపండి. డేటాబేస్‌లో పాత రాతలు ఒక్కటైనా మిగిలితే పని అయిపోలేదన్నట్టు.

"ఫైనలైజ్ అయ్యాకే చదివితే ఈ గోల ఉండదు కదన్నా?" అని అడుగుతుంటారు. నిజమే, ఎథీరియంలో మామూలుగా 13 నిమిషాల్లో ఫైనల్ అవుతుంది. కానీ 2023 మే 11, 12 తేదీల్లో బ్లాకులు వస్తూనే ఉన్నా ఫైనాలిటీ మాత్రం కొంతసేపు ఆగిపోయింది. గడియారం చూసి "13 నిమిషాలైందిగా" అనుకునే కోడ్ ఆ రోజు తప్పు చెప్తుంది. నోడ్‌నే అడగాలి. దానికి 'ఫైనలైజ్డ్' అనే ట్యాగ్ ఉంది.

నడపడం అంటే కాపలా కాయడమే

సెటప్ ఒక వీకెండ్ పని. నడపడం రోజూ పని. చూడాల్సిన అంకెల్లో మొదటిది గ్యాప్. చైన్ తల ఏ బ్లాక్ దగ్గరుంది, మన ఇండెక్సర్ ఏ బ్లాక్ దగ్గరుంది? గ్యాప్ 5 ఉంటే నిమిషం వెనకున్నట్టు. 300 ఉంటే గంట. సర్వర్ అప్‌లో ఉందా లేదా అన్నది చూసి హాయిగా పడుకోవద్దు. సర్వర్ బ్రహ్మాండంగా లేచి ఉండి, గంట కిందటి సమాధానం గుక్క తిప్పుకోకుండా చెప్తుంటుంది. అదే అసలు ప్రమాదం. అలారం గ్యాప్ మీద పెట్టండి.

రెండోది ఎర్రర్లు. మ్యాపింగ్ కోడ్‌లో ఎక్కడో నల్ వాల్యూ దగ్గర క్రాష్ అయితే సబ్‌గ్రాఫ్ ఆ బ్లాక్ దగ్గరే ఆగిపోతుంది. రీస్టార్ట్ చేసినా మళ్లీ అక్కడే ఆగుతుంది. కోడ్ సరిచేసి కొత్త వెర్షన్ డిప్లాయ్ చేయాల్సిందే. పాత వెర్షన్ జనానికి జవాబిస్తుండగా కొత్తది పక్కన సింక్ అవ్వనిచ్చి, అది తలను అందుకున్నాకే మార్చండి.

మూడోది సరిచూసుకోవడం. రోజుకో పాతిక అడ్రసులు లాటరీ తీసినట్టు తీసి, మన లెక్కలోని బ్యాలెన్స్‌నీ నోడ్ చెప్పే బ్యాలెన్స్‌నీ పోల్చండి. రెండూ ఒకే బ్లాక్ దగ్గర అడగాలి, లేకపోతే పోలికే తప్పు. తేడా వస్తే పైన చెప్పిన వాటిలో ఏదో ఒకటి మిమ్మల్ని కరిచిందన్నమాట.

నాలుగోది, ఆర్‌పీసీ ఒక్కరినే నమ్ముకోకపోవడం. 2020 నవంబర్ 11న ఇన్‌ఫ్యూరా పాత గెత్ వెర్షన్ మీద నడుస్తుండగా, పాత, కొత్త వెర్షన్ల లెక్క కుదరక చైన్ చీలింది. ఆ కంపెనీ సర్వీసు కాసేపు దెబ్బతింది. దాని మీద ఆధారపడ్డ మెటామాస్క్ యూజర్లకు తప్పు సమాచారం కనిపించింది, బైనాన్స్ లాంటి ఎక్స్‌ఛేంజీలు ఈథర్ విత్‌డ్రాయల్స్ తాత్కాలికంగా ఆపాయి. వేల నోడ్లతో నడిచే నెట్‌వర్క్ బానే ఉంది. జనం దాన్ని చూస్తున్న కిటికీ ఒక్కటే కావడంతో వచ్చిన తిప్పలవి.

ఈ కిటికీలను కూడా పదిమందికి పంచాలనేదే ది గ్రాఫ్ నెట్‌వర్క్ ఆలోచన. 2020 డిసెంబర్‌లో మొదలైంది. అందులో ఇండెక్సర్‌గా చేరాలంటే కనీసం లక్ష జీఆర్‌టీ టోకెన్లు తాకట్టు పెట్టాలి. తప్పుడు లెక్క చూపినట్టు తేలితే అందులో కోత పడుతుంది. మొదట్లో కంపెనీయే ఉచితంగా నడిపిన హోస్టెడ్ సర్వీసు 2024 జూన్‌లో మూతపడింది. తాకట్టు ఉంటే అబద్ధం చెప్పడానికి భయపడతారు, నిజమే. కానీ ఆలస్యం వేరు, అబద్ధం వేరు. నిజాయతీపరుడైన ఇండెక్సర్ కూడా వెనకబడతాడు.

అందుకే తేదీ కావాలి

గ్రాఫ్ నోడ్‌లో ప్రతి క్వెరీలో 'మెటా' అనే ఫీల్డ్ కూడా అడగొచ్చు. ఈ సమాధానం ఏ బ్లాక్ వరకు చదివి చెప్పింది, మధ్యలో ఇండెక్సింగ్ ఎర్రర్లు ఉన్నాయా అని అది చెప్తుంది. ఉచితంగా దొరికే ఈ సమాచారాన్ని స్క్రీన్ దాకా తీసుకురాని యాప్‌లు కోకొల్లలు. ఏపీఐ దగ్గరే పడేస్తారు. డేటా రాకపోతే డిఫాల్ట్ వాల్యూ సున్నా పెట్టేస్తారు. ఫ్రంటెండ్ కుర్రాడికి అది ఒక లైన్ కోడ్. డబ్బు కోసం ఎదురుచూసేవాడికి అది గుండె దడ.

"యూజర్‌కి బ్లాక్ నంబర్ చూపిస్తే ఏం అర్థమవుతుందన్నా?" అంటారు జూనియర్లు. నంబర్ చూపించొద్దు. బ్లాక్‌లో టైమ్ ఉంటుంది కదా, "2 నిమిషాల క్రితం వరకు" అని రాయండి. యూపీఐలో 'పెండింగ్' అని కనపడితే కిరాణా కొట్టు బాబాయ్ కూడా కాసేపు ఆగుదాం అంటాడు. సున్నా అని కనపడితే ఎవరూ ఆగరు. మన జనానికి ఆగడం తెలుసు, ఆగమని చెప్పేవాళ్లే తక్కువ.

కాబట్టి ఈ వీకెండ్ పని ఇది. సెపోలియా టెస్ట్‌నెట్‌లో చిన్న టోకెన్ కాంట్రాక్ట్ ఒకటి డిప్లాయ్ చేయండి. ఒక్క ట్రాన్స్‌ఫర్ ఈవెంట్‌తో సబ్‌గ్రాఫ్ రాయండి. బ్యాలెన్స్ చూపించే ఒక్క పేజీ కట్టండి. తర్వాత కావాలనే ఇండెక్సర్‌ని ఆపేసి, ఇంకో ట్రాన్సాక్షన్ పంపి, పేజీ ఏమంటుందో చూడండి. "5 నిమిషాల క్రితం వరకు ఇంత" అంటే మీరు పాసయినట్టే. ఏమీ జరగనట్టు పాత అంకెనే కొత్తదిలా చూపిస్తే, తేదీ లేని ఈసీ చేతిలో పెట్టినట్టు. అలాంటి కాగితం చూసి మీ నాన్న స్థలం కొంటారా?